గురిగింజ ఎత్తు మందు

'గన్ పౌడర్' అనగానే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? అమెరికాలో మన రెస్టారెంట్లకి వెళ్లే అలవాటున్నవాళ్లకైతే ఇడ్లీ పక్కన నెయ్యి వేసి పెట్టే పొడి గుర్తొస్తుంది. మన కందిపొడికీ, ఇడ్లీ కారప్పొడికీ ఇక్కడి మెనూ కార్డుల్లో తగిలించిన పేరు అదే మరి! అందుకే నేను "గన్ పౌడర్ కొనడానికి వెళుతున్నాను" అంటే, మా ఇంటికొచ్చిన చుట్టాలు "చేత్తోటి మాకూ ఓ ప్యాకెట్ పట్టుకురండి" అంటూ ఉంటారు. నేను కొనేది ఆ పొడి కాదు. అసలు సిసలు తుపాకి మందు.

కంగారు పడకండి. నేను వృత్తిరీత్యా కెమికల్ ఇంజనీర్ని. పెన్సిల్వేనియాలో స్థిరపడి చాలా ఏళ్లయింది. సెలవురోజుల్లో టార్గెట్ షూటింగ్ ఆడతాను. వేట కాదు, ఆత్మరక్షణా కాదు. ఒక కాగితం మీద గుండ్రటి గీతలుంటాయి, మధ్యలో నల్లటి చుక్క ఉంటుంది, ఆ చుక్కని పిస్తోలుతో కొట్టాలి. అంతే ఆట. కాల్చాక కిందపడిన ఖాళీ ఇత్తడి గొట్టాలని ఏరుకొచ్చి, శుభ్రం చేసి, వాటిలో కొత్త ప్రైమరు, కొత్త మందు, కొత్త బుల్లెట్టు పెట్టి మళ్లీ తూటాలు తయారు చేసుకుంటాను. దీన్ని ఇక్కడ హ్యాండ్‌లోడింగ్ అంటారు.

తుపాకి మాటెత్తితేనే గిట్టనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఈ దేశంలో జరుగుతున్న ఘోరాలు చూస్తూ ఉంటే వాళ్లని తప్పు పట్టలేం. ఈ వ్యాసం ఎవరి మనసూ మార్చడానికి కాదు. అయితే మన పిల్లలు కాలేజీ షూటింగ్ క్లబ్బుల్లో చేరుతున్నారు, మనవాళ్లు కొందరు నాలాగే రేంజిలకి వెళుతున్నారు. వాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "అన్నగారూ, ఏ పౌడర్ మంచిదండీ?" దానికి నాకు తెలిసిన జవాబు ఇది.

మందు కన్నా ముందు వీసా

అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. స్నేహితుడితో సరదాగా రేంజికి వెళ్లి అద్దె తుపాకి చేత్తో పట్టుకున్నా ఇదే చట్టం వర్తిస్తుంది. పైగా ఆ చట్టంలో 'ఎమ్యునిషన్' అంటే పూర్తి తూటా ఒక్కటే కాదు. ఖాళీ గొట్టం, ప్రైమరు, బుల్లెట్టు, మందు... విడివిడిగా ఉన్నా అన్నీ దాని కిందికే వస్తాయి. ఇందులో శిక్ష పడితే దేశం వదిలి వెళ్లాల్సిన పరిస్థితి రావచ్చు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. కాబట్టి ఫొటోల మోజులో పడకుండా, ముందు ఇమిగ్రేషన్ లాయర్ని ఒక మాట అడగండి.

సొంత వాడకానికి తూటాలు తయారు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. తయారు చేసి అమ్మే వ్యాపారం పెట్టుకుంటే మాత్రం కావాలి.

చితుకులూ, మొద్దులూ

మన భాషలో 'మందు' అనే మాట భలే గడుసుది. జబ్బు తగ్గించేదీ మందే, మత్తెక్కించేదీ మందే, పేలేదీ మందే! మూడింటికీ మోతాదే ప్రాణం.

దీపావళికి మనం కాల్చే బాణసంచాలో కొన్నిటిలో ఉండేది పాతకాలపు నల్లమందు. పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిపి నూరినది. తుపాకుల్లో కొన్ని శతాబ్దాల పాటు అదే వాడారు. 1884లో పాల్ వియే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త నైట్రోసెల్యులోజ్‌తో పొగరాని మందు తయారు చేశాడు. దాంతో కథ మారిపోయింది. ఇప్పుడు మనకి దొరికేవన్నీ దాని వారసులే. కొన్నిటిలో నైట్రోసెల్యులోజ్ ఒక్కటే ఉంటుంది, కొన్నిటిలో నైట్రోగ్లిసరిన్ కూడా కలుపుతారు.

ఈ మందు తూటాలో ఒక్కసారిగా పేలిపోదు, కాలుతుంది. ఎంత త్వరగా కాలుతుందన్నదే ఒక పౌడర్‌కీ మరో పౌడర్‌కీ తేడా. మన పల్లెటూరి పొయ్యి గుర్తు తెచ్చుకోండి. చితుకులు వేస్తే భగ్గున మండి అయిపోతాయి. మొద్దు పెడితే నిదానంగా చాలాసేపు కాలుతుంది. పొడుగు గొట్టమున్న రైఫిల్‌కి మొద్దు లాంటి మందు కావాలి. బుల్లెట్టు ఆ గొట్టమంతా ప్రయాణం చేసే లోపల నింపాదిగా తోస్తూ ఉండాలి కదా! పిస్తోలు గొట్టం జానెడు కూడా ఉండదు. అందులోనూ కాగితం మీద చుక్క కొట్టడానికి పెద్ద వేగం అక్కర్లేదు. కాబట్టి టార్గెట్ తూటాలకి చితుకుల్లాంటి మందు, అంటే త్వరగా కాలేది, కొంచెం చాలు. నిదానంగా కాలేది వేస్తే సగం కాలకుండా మిగిలిపోయి గొట్టం నిండా మసి పడుతుంది, వేగం ఒక్కో తూటాకి ఒక్కోలా ఉంటుంది.

ఆ 'కొంచెం' ఎంతో తెలుసా? ఇక్కడ మందుని 'గ్రెయిన్ల'లో తూస్తారు. పౌనుకి 7,000 గ్రెయిన్లు. .38 స్పెషల్ అనే పాతకాలపు తూటాలో టార్గెట్ షూటింగ్‌కి వేసేది సుమారు 3 గ్రెయిన్లు. మన కంసాలులు బంగారం తూచిన గురిగింజ లెక్కలో చూస్తే ఒకటిన్నర గురిగింజల ఎత్తు! గురి చూసి కొట్టే ఆటకి గురిగింజ లెక్క భలే కుదిరింది. ఒక పౌను డబ్బాతో 2,300 తూటాలు చేసుకోవచ్చు. పౌను 45 డాలర్లనుకున్నా తూటాకి రెండు సెంట్లు. కాబట్టి అయిదు డాలర్లు తక్కువని ఒక పౌడర్ బదులు ఇంకొకటి కొనడంలో అర్థం లేదు.

పేరున్న మందులు

ఈ ఆటలో అందరికన్నా పెద్దాయన 'బుల్స్ ఐ'. లాఫ్లిన్ అండ్ రాండ్ అనే కంపెనీ 1898లో తెచ్చింది. తరవాత డ్యూపాంట్ చేతికి, 1912లో కోర్టు డ్యూపాంట్‌ని విడగొట్టినప్పుడు హెర్క్యులెస్ చేతికి వెళ్లింది. ఇప్పుడు అలయంట్ పేరుతో అమ్ముతున్నారు. నూట పాతికేళ్లు దాటినా టార్గెట్ షూటర్లు ఇంకా దాన్నే అడుగుతారు. సన్నటి రేకులు, త్వరగా కాలుతుంది, కొంచెమే పడుతుంది.

'రెడ్ డాట్' 1932 నాటిది. అసలు షాట్‌గన్ కోసం చేసింది. రేకులు వెడల్పు, ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గుర్తు పట్టడానికి మధ్య మధ్య ఎర్రరంగు రేకులు కలుపుతారు, కుంకుమ అద్దినట్టు. 'వించెస్టర్ 231', 'హెచ్.పి. 38' అని రెండు డబ్బాలు కనిపిస్తాయి. పేర్లు రెండైనా మందు ఒకటే. గుండ్రటి పూసల్ని చదును చేసినట్టుంటుంది, చక్కగా జారుతుంది. 'టైట్‌గ్రూప్' బాగా బరువైన మందు, గొట్టంలో అడుగున ఎక్కడో ఉంటుంది. ఫిన్లండ్ నుంచి వచ్చే 'వీహ్తావూరి ఎన్ 310' శుభ్రంగా కాలుతుంది, ధర ఎక్కువ.

ఈ జారడం సంగతి ముఖ్యం. మనం ప్రతి తూటాకీ త్రాసులో తూచి పోయం. కొలపాత్ర లాంటి యంత్రం పిడి తిప్పితే కొలత ప్రకారం పడుతుంది. అంటే సోల, తవ్వ, మానిక పద్ధతే! ఆవాలు సోలతో కొలిస్తే ప్రతిసారీ ఒకే బరువు వస్తుంది. అటుకులు కొలిస్తే? ఒకసారి కుదురుకుంటాయి, ఒకసారి గుల్లగా నిలబడతాయి. పూసల మందు ఆవాల్లాంటిది, రేకుల మందు అటుకుల్లాంటిది. అందుకని యంత్రంతో కొలిచినా మధ్యమధ్య త్రాసులో వేసి సరిచూసుకోవాలి.

మండువా లోగిట్లో ఇద్దరు

ఇక అసలు విషయం. .38 స్పెషల్ పుట్టింది 1890ల చివర్లో, నల్లమందు రోజుల్లో. ఆ మందు చాలా పోయాలి కాబట్టి గొట్టం పొడుగ్గా, సుమారు 29 మిల్లీమీటర్లు చేశారు. ఇప్పుడు మనం పోసేది మూడు గ్రెయిన్లు. ఉమ్మడి కుటుంబం కోసం కట్టిన మండువా లోగిట్లో ఇప్పుడు ముసలి దంపతులిద్దరే ఉంటున్నట్టు, లోపలంతా ఖాళీయే.

దీనివల్ల రెండు చిక్కులు. ఒకటి, తుపాకి వంచినప్పుడల్లా మందు అటూ ఇటూ దొర్లుతుంది. ప్రైమరు దగ్గర ఉందా, బుల్లెట్టు దగ్గర ఉందా అన్నదాన్ని బట్టి వేగం మారుతుంది. ఇది స్కోరుకి సంబంధించిన చిక్కు.

రెండోది ప్రాణానికి సంబంధించినది. పొరపాటున ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పడిందనుకోండి. పొంగి పొర్లదు! సగం కూడా నిండదు. పైనుంచి బుల్లెట్టు పెట్టేస్తే ఇక ఎవరికీ తెలియదు. పరిశ్రమకి ప్రమాణాలు పెట్టే 'సామీ' అనే సంస్థ లెక్కలో .38 స్పెషల్‌కి గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌన్లు, .45 ఏసీపీకి 21,000, 9 ఎం.ఎం.కి 35,000. మీ కారు టైరులో ఉండేది 35 అటూ ఇటూగా. దానికి వెయ్యి రెట్ల ఒత్తిడి, మీ మొహానికి రెండడుగుల దూరంలో, మీ చేతిలో! మందు రెట్టింపైతే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, అంతకన్నా పైకి పోతుంది.

దీనికి వ్యతిరేకంగా అసలు మందే పడకపోతే? ప్రైమరు బలానికి బుల్లెట్టు గొట్టంలోకి వెళ్లి మధ్యలో ఇరుక్కుంటుంది. 'ఢాం' అనాల్సింది 'టుప్' అంటుంది. ఆ శబ్దం పోల్చుకుని ఆగిపోవాలి. ఆగకుండా రెండోది పేలిస్తే గొట్టం చీలుతుంది.

అందుకే "ఏ పౌడర్ మంచిది?" అని అడిగినవాళ్లకి నేను తిరిగి వేసే ప్రశ్న ఇది: "పొరపాటు జరిగితే మీ కంటికి కనపడే పౌడర్ ఏది?"

9 ఎం.ఎం. గొట్టం పొట్టిది, 19 మిల్లీమీటర్లే. అందులో వెడల్పు రేకుల మందు మాన్యువల్‌లో చెప్పిన కొలత ప్రకారం పోస్తే సగం పైన నిండుతుంది. పొరపాటున రెండోసారి పోస్తే అంచు దాటి బల్ల మీద ఒలికిపోతుంది. ఆ ఒలికినదే మన అదృష్టం. నేను 9 ఎం.ఎం.కి ఎంచుకున్నది అలాంటి మందునే. అది అటుకుల బాపతు, కొలతలో కాస్త తేడా వస్తుంది. వస్తే రానివ్వండి. మేం ఆడే పోటీలో 25 గజాల టార్గెట్‌కి పది మార్కుల వలయం అడ్డకొలత 3.36 అంగుళాలు. కొలతలో వచ్చే ఆ కొద్ది తేడా కన్నా నా చెయ్యి వణుకు ఎన్నో రెట్లు ఎక్కువ! ఒలింపిక్ ఫైనల్లో నిలబడేవాళ్లకి లెక్కలు వేరు. మనబోటివాళ్ల స్కోరు పౌడర్ డబ్బాలో లేదు, మణికట్టులో ఉంది.

.38కి అలా ఒలికే మందు దొరకడం కష్టం. అక్కడ పద్ధతే కాపాడాలి. గుంటపొంగణాల పెనంలా యాభై గుంటలున్న చెక్కలో గొట్టాలు వరసగా నిలబెడతాను. మందు పోయడం అయ్యాక టార్చిలైటు వేసి యాభై గొట్టాల్లోకీ తొంగి చూస్తాను. అన్నిటిలో మందు ఒకే మట్టంలో కనిపించాలి. ఒక్కటి తేడాగా ఉన్నా దాన్ని వంపేసి మళ్లీ పోస్తాను. అన్నీ చూశాకే బుల్లెట్లు పెట్టడం. ఈ చూపుకి ఒక్క నిమిషం పడుతుంది.

ఏ మందు ఎంత పోయాలో కొలతలు ఈ వ్యాసంలో ఇవ్వలేదు, కావాలనే. మందు తయారీదారు ప్రచురించిన తాజా మాన్యువల్ తీసి, మీ బుల్లెట్టు బరువుకీ రకానికీ సరిపోయే వరస వెతికి, అందులో తక్కువ కొలత దగ్గర మొదలుపెట్టండి. గరిష్ఠం దాటొద్దు. వాట్సాప్‌లో స్నేహితుడు పంపిన అంకె నమ్మొద్దు. బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉండాలి. పేరు చీటీ లేని మందు పారేయాల్సిందే. రెండు మందులు కలపడం చేయకూడని పని. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక నైట్రోసెల్యులోజ్‌కి గిరాకీ పెరిగి, కొన్ని పౌడర్లు షాపుల్లో దొరకడం గగనమైంది. అలాంటప్పుడు "ఇది లేకపోతే అది" అని అదే కొలత వేసేయడం చాలా ప్రమాదం. మందు మారితే మాన్యువల్‌లో పేజీ మారాలి.

బ్రాండీవైన్ ఒడ్డున పల్చటి గోడ

హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ మీదుగా బస్సుల్లో తిరిగిన వాళ్లకి ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసే ఉంటుంది. 18వ శతాబ్దం చివర్లో నిజాం కొలువులో ఉన్న రేమండ్ అనే ఫ్రెంచి సేనాని అక్కడ తోపులు పోత పోయించాడు. సరిగ్గా ఆ కాలంలోనే ఇంకో ఫ్రెంచివాడు, లవోయిజియే దగ్గర తుపాకి మందు తయారీ నేర్చుకున్న ఇ.ఐ. డ్యూపాంట్, అమెరికా వచ్చి 1802లో డెలవేర్‌లోని విల్మింగ్టన్ దగ్గర, బ్రాండీవైన్ ఏటి ఒడ్డున మందు మిల్లులు పెట్టాడు. 1921 దాకా అక్కడ నల్లమందు తయారైంది. ఇప్పుడది హాగ్లీ మ్యూజియం. ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ వైపు ఉండేవాళ్లు పిల్లల్ని తీసుకుని ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. ఎండాకాలం చెట్ల నీడలో పులిహోర డబ్బాలు విప్పుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

అక్కడ చూడాల్సింది మిల్లుల గోడలు. మూడువైపులా రాతితో మహా మందంగా కట్టారు. ఏటి వైపు మాత్రం పల్చగా వదిలేశారు. మందు పేలితే ఆ దెబ్బ పక్క మిల్లు మీదికి కాకుండా ఏటి మీదికి పోవాలని! "మా దగ్గర ప్రమాదం జరగదు" అని వాళ్లు అనుకోలేదు. జరుగుతుందని అనుకునే కట్టారు. అయినా 1818 మార్చిలో జరిగిన పేలుళ్లలో ముప్పై మందికి పైగా చనిపోయారు. యజమాని ఇల్లు కూడా మిల్లుల పక్కనే, ఆ గట్టు మీదే ఉంది. తన పిల్లలు పడుకునే చోటికి అంత దగ్గర్లో మందు నూరించేవాడికి ఆ పల్చటి గోడ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

నా బల్ల దగ్గర పొంగిపొర్లే మందు, టార్చిలైటు... ఇవి రెండూ నా పల్చటి గోడలు.

బేస్‌మెంట్ తలుపు

మన వారాంతపు విందులు మీకు తెలియనివి కావు. పెద్దవాళ్లు పైన కబుర్లలో, పిల్లలు పాతికమంది కింద బేస్‌మెంట్‌లో! చాలామంది హ్యాండ్‌లోడర్ల బల్ల ఉండేదీ ఆ బేస్‌మెంట్‌లోనే. కాబట్టి ఆ గదికి తలుపు, తలుపుకి తాళం తప్పనిసరి. తుపాకి ఖాళీ చేసి సేఫ్‌లో ఉండాలి, తూటాలు వేరేచోట తాళంలో ఉండాలి. మందు ఎప్పుడూ దాని అసలు డబ్బాలోనే, వేడికీ మంటకీ దూరంగా ఉండాలి. అమెరికాలో చాలాచోట్ల పాటించే అగ్నిమాపక నిబంధనల ప్రకారం ఇంట్లో సొంత వాడకానికి 20 పౌన్ల దాకా అసలు డబ్బాల్లో ఉంచుకోవచ్చు. మనకి అంత అవసరమే రాదు. మీ ఊరి నిబంధన ఏమిటో ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని అడగండి.

ఎవరూ పట్టించుకోని శత్రువు ఇంకొకటి ఉంది. సీసం. బుల్లెట్లలోనూ, చాలా ప్రైమర్లలోనూ సీసం ఉంటుంది. రేంజి నుంచి వచ్చిన చేతులకి, బూట్లకి, ఖాళీ గొట్టాల మసికి అది అంటుకుని ఉంటుంది. పిల్లల మెదడు ఎదుగుదలకి సీసం ఏ కొంచెమైనా మంచిది కాదు. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ పిల్లల రక్తంలో సీసం ఎంత ఉంటే జాగ్రత్త పడాలో చెప్పే హద్దుని 2021లో డెసీలీటరుకి 5 మైక్రోగ్రాముల నుంచి 3.5కి తగ్గించింది. కాబట్టి రేంజి నుంచి రాగానే బూట్లు బయటే విడవాలి. మన ఇళ్లలో అది ఎలాగూ ఆచారమే! చేతులు చల్లటి నీళ్లతో, సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. బట్టలు విడిగా ఉతకాలి. మసి దులిపే పని వంటింట్లో పెట్టుకోవద్దు. మా ఆవిడ రూలు ఇంకా సింపుల్: స్నానం చేసేదాకా మనవరాలిని ఎత్తుకోకూడదు.

మీకు ఈ అభిరుచి లేకపోయినా ఒక మాట. మీ పిల్లలు వేరే ఇంటికి ఆడుకోవడానికి వెళ్లేటప్పుడు, "మీ ఇంట్లో తుపాకి ఉందా? తాళంలో ఉందా?" అని అడగండి. వేరుశనగ ఎలర్జీ గురించి చెప్పడానికి మొహమాట పడం కదా, దీనికీ పడొద్దు. నన్ను అడిగినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది గానీ కోపం రాలేదు.

పిల్లలూ, ఇది మీకు

ఎక్కడైనా తుపాకి గానీ తూటా గానీ కనిపిస్తే నాలుగు పనులు చెయ్యండి: ఆగండి. ముట్టుకోకండి. అక్కణ్ణించి వెళ్లిపోండి. పెద్దవాళ్లకి చెప్పండి. అది బొమ్మో నిజమో తేల్చే పని మీది కాదు.

గురి చూసి కొట్టడం మీకు ఇష్టమైతే దానికీ దారి ఉంది. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఎయిర్ రైఫిల్‌లోనూ, ఎయిర్ పిస్తోలులోనూ మందే ఉండదు, గాలి ఒత్తిడితోనే పని. ఈషా 25 మీటర్ల పోటీలో వాడే .22 తూటాని తిరిగి నింపే పద్ధతి లేదు, ఫ్యాక్టరీది కొనుక్కోవాల్సిందే. అంటే ఇంత పెద్ద వ్యాసంలో నేను చెప్పిన పౌడర్ల గొడవ వాళ్లకి లేనేలేదన్నమాట!

అమెరికాలో 4-హెచ్ క్లబ్బుల్లోనూ, కొన్ని హైస్కూళ్లలోనూ ఎయిర్ రైఫిల్ నేర్పిస్తారు. రైఫిల్ కాలేజీల్లో ఎన్‌సీఏఏ క్రీడ కూడా, అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే వరసలో నిలబడి పోటీ పడతారు. కోచ్ మొదటిరోజు నేర్పేది కాల్చడం కాదు. తుపాకిని ఎప్పుడూ నిండి ఉన్నట్టే చూడాలని, మూతి ఎప్పుడూ క్షేమమైన వైపే ఉండాలని, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదని నేర్పుతాడు. అమ్మానాన్నలతో వెళ్లి ఆ మొదటిరోజు క్లాసు ఒక్కటి చూసి రండి. ఆ తరవాత నేర్చుకోవాలో వద్దో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.